వనస్థలిపురం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఒకే కారులో నలుగురం – నా అనుభవం

వనస్థలిపురం, హస్తినాపురం, బీఎన్ రెడ్డి నగర్ వైపు ఇల్లు ఉండి నానక్‌రామ్‌గూడ దగ్గర ఐటీ ఆఫీసులుండే ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ లో ఉద్యోగం చేసేవాళ్ళకి ఆ ప్రయాణం గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, హైదరాబాద్ సిటీకి ఈ కొస నుంచి ఆ కొసకి పోవాలి. అటే షిఫ్ట్ అయిపోవచ్చు కదా అని చుట్టాలు ఈజీగా అనేస్తారు గానీ అక్కడి అద్దెలు ఒక పక్క, పాప స్కూలు ఇక్కడే, అత్తయ్య మామయ్య ఇక్కడే, నేను ఆఫీసులో ఉంటే పాపని చూసుకునేది వాళ్ళే. కోవిడ్ టైమ్ లో మొదలైన వర్క్ ఫ్రమ్ హోమ్ పోయి మంగళ, బుధ, గురు మూడు రోజులు ఆఫీసుకి రావాల్సిందే అని మెయిల్ వచ్చాక ఇంక తప్పలేదు.

మెట్రో ట్రై చేసా. ఎల్బీ నగర్ లో ఎక్కి అమీర్‌పేట లో మారి రాయదుర్గం దాకా బానే ఉంటుంది, కూర్చోడానికి సీటు దొరికితే ఇంకా బాగుంటుంది, కానీ రాయదుర్గం లో దిగాక మా ఆఫీస్ ఇంకా ఏడెనిమిది కిలోమీటర్లు, అక్కడ మళ్ళీ ఆటో కోసం నిలబడాలి. బస్సు అయితే ఆడవాళ్ళకి 2023 డిసెంబర్ నుంచి ఫ్రీ, డబ్బులు మిగులుతాయి నిజమే, కానీ రెండు బస్సులు మారి రెండు గంటలు పైన నిలబడి వెళ్ళాక ఇంక పని చేసే ఓపిక ఎక్కడుంటుంది. క్యాబ్ ఒక్క వైపుకే ఏడెనిమిది వందలు చూపిస్తుంది పొద్దున పూట. కంపెనీ క్యాబ్ నైట్ షిఫ్ట్ వాళ్ళకే. సరే అని కొన్నాళ్ళు నా కారు నేనే నడుపుకుంటూ వెళ్ళా, మాన్యువల్ గేర్, ఆ ట్రాఫిక్ లో క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు నొప్పి పట్టుకుంది, పెట్రోల్ బిల్లు చూస్తే అదింకో నొప్పి. పక్కన ఖాళీ సీటు, వెనక మూడు ఖాళీ సీట్లు, చుట్టూ చూస్తే అన్ని కార్లలోనూ ఒక్కొక్కళ్ళే ఉన్నారు, అప్పుడు నిజంగా బాధనిపించింది, ఇంతమంది ఒకే వైపుకి ఇన్ని కార్లేసుకుని ఎందుకు పోతున్నాం అని.

యాప్స్ ఉన్నాయి, ఆఫీస్ మెయిల్ ఐడీ తో వెరిఫై చేసేవి కూడా ఉన్నాయి, కూకట్‌పల్లి మియాపూర్ వైపు వాళ్ళు బాగా వాడతారు. కానీ నాకు తెలియనివాళ్ళని రోజూ ఎక్కించుకోవడం మనసొప్పలేదు, అందుకే మా ఆఫీస్ చాట్ యాప్ టీమ్స్ లో ఉన్న ట్రాన్స్‌పోర్ట్ గ్రూప్ లో మెసేజ్ పెట్టా. ఆ మెసేజ్ లోనే ఏ ఏరియా నుంచి, ఏ రూట్లో, పొద్దున ఎన్నింటికి బయల్దేరతాను, సాయంత్రం ఎన్నింటికి తిరిగి బయల్దేరతాను, లాభానికి కాదు ఖర్చు పంచుకోడానికే అని మొత్తం రాసేసా. ఇలా రాయడం వల్ల మేలే జరిగింది, ఊరికే "ఇంట్రెస్టెడ్" అని పెట్టేవాళ్ళు తగ్గి నిజంగా కుదిరేవాళ్ళే మిగిలారు.

చివరికి ముగ్గురు కుదిరారు. సాగర్ రింగ్ రోడ్ దగ్గర ఎక్కే టెస్టింగ్ టీమ్ అమ్మాయి, చేరి ఏడాది కూడా కాలేదు, నన్ను అక్క అంటుంది. కర్మన్‌ఘాట్ లో నెట్‌వర్క్స్ లో చేసే ఆయన, నాకంటే పెద్దాయన, మొదట సార్ అన్నాను తర్వాత అన్న అయిపోయారు. చాంద్రాయణగుట్ట దగ్గర పేరోల్ లో, అంటే జీతాల లెక్కలు చూసే టీమ్ లో చేసే ఒక భాయ్. ముగ్గురితో మొదటి రోజే కారులో కాకుండా ముందు క్యాంటీన్ లో కూర్చుని టీ తాగుతూ ఒక గంట మాట్లాడుకున్నాం. ఈ గంట చాలా ముఖ్యం అని నేను గట్టిగా చెప్తా. మనవాళ్ళతో వచ్చే చిక్కంతా మొహమాటమే, ఒకసారి కారెక్కడం మొదలైతే ఇంక ఎవరూ ఏమీ అడగరు, లోపల లోపల పెట్టుకుంటారు, ఒకరోజు ఏదో వంక చెప్పి మానేస్తారు.

ఇంట్లో మా ఆయనకి ఒకటే డౌట్, ఇది లీగల్ గా ఓకేనా అని. బెంగళూరులో 2023 లో క్యాబ్, ఆటో యూనియన్ల వాళ్ళు వైట్ బోర్డ్ కార్లలో, అంటే తెల్ల నంబర్ ప్లేట్ ఉన్న సొంత కార్లలో మనుషుల్ని ఎక్కించుకోవడం మీద గొడవ చేసిన సంగతి ఆయనకి గుర్తుంది. ఆ డౌట్ కరెక్టే. 1988 మోటార్ వెహికల్స్ యాక్ట్ ప్రకారం వైట్ ప్లేట్ బండిని కిరాయికి తిప్పకూడదు, దానికి పర్మిట్ ఉండాలి, పసుపు ప్లేట్ ఉండాలి. 2020 లో కేంద్రం అగ్రిగేటర్లకి, అంటే ఓలా ఊబర్ లాంటి యాప్ కంపెనీలకి గైడ్‌లైన్స్ ఇచ్చినప్పుడు సొంత కార్లలో పూలింగ్ కి చోటిచ్చారు, రాష్ట్రం వద్దనకపోతే యాప్ ద్వారా సిటీలో రోజుకి 4 ట్రిప్పులు, ఊళ్ళ మధ్య వారానికి 2, ఎక్కేవాళ్ళకి కనీసం 5 లక్షల ఇన్సూరెన్స్ అని. మాది యాప్ కాదు, ఆఫీస్ వాళ్ళం నలుగురం ఖర్చు పంచుకుంటున్నాం అంతే, అయినా సరే మా ఇన్సూరెన్స్ ఏజెంట్ ని ఇంటికి పిలిచి పాలసీ కాగితం ముందు పెట్టి అడిగా. ఆయన వేలు పెట్టి చూపించాడు, ఏ వాడకానికి పాలసీ వర్తించదో రాసిన చోట "హైర్ ఆర్ రివార్డ్" అని ఉంది, అంటే కిరాయికి తిప్పితే క్లెయిమ్ ఇవ్వరు. అందుకే అమ్మా మీ వాటా కూడా మీరు వేసుకోండి, రూపాయి మిగుల్చుకోవద్దు అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, బయటివాళ్ళకి జరిగే నష్టానికి మాత్రమే ఇచ్చే వట్టి థర్డ్ పార్టీ పాలసీ ఉంటే మన కారులో కూర్చున్నవాళ్ళకి అది అక్కరకు రాదు, ప్యాకేజ్ పాలసీ ఉండాలి, పైన ప్యాసింజర్లకి పర్సనల్ యాక్సిడెంట్ కవర్ విడిగా తీసుకోవచ్చు అని. నేను ఆ రెన్యువల్ లోనే అది కూడా కలిపించా. మనల్ని నమ్మి ముగ్గురు కూర్చుంటున్నారు, వాళ్ళకీ ఇళ్ళు ఉన్నాయి, ఇది చూడకుండా ఎక్కించుకోకూడదు అని నా గట్టి అభిప్రాయం.

ఇక డబ్బులు. ట్యాంక్ ఫుల్ చేయించి, మళ్ళీ ఫుల్ చేయించేదాకా ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూసి లెక్క కట్టాం. రానుపోను 75 కిలోమీటర్లు అటూ ఇటూగా, ఏసీ వేసుకుని ఆ ట్రాఫిక్ లో లీటరుకి 15 వస్తే గొప్ప, అంటే 5 లీటర్లు, లీటరు అప్పట్లో 107 పెట్టుకున్నా 535, టోల్ కలిపితే ఆరొందల చిల్లర. నలుగురికి పంచి తలా 150 అనుకున్నాం, చిల్లర నాదే. ఇక్కడ ఇంకొకటి ఉంది, ఒకరు రాని రోజు మిగతావాళ్ళ మీద భారం పడాలా? వద్దనుకున్నాం, సీటుకి 150 అంతే, ఎంతమంది వచ్చినా అదే. ముందు రోజు రాత్రి 9 లోపు రానని చెప్తే డబ్బు లేదు, పొద్దున చెప్తే మాత్రం వెయ్యాల్సిందే, ఎందుకంటే అప్పటికి ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వలేం. లెక్క రాసే పని నేను పెట్టుకోలేదు, టెస్టింగ్ అమ్మాయికి ఇచ్చాం, గురువారం రాత్రి ఆమే గ్రూప్ లో ఎవరెంతో పెడుతుంది, శుక్రవారం లోపు ఫోన్‌పే చేసేస్తారు. కారు ఎవరిదో వాళ్ళే డబ్బులు అడగాల్సి వస్తే అది చాలా ఇబ్బంది, అడిగేవాళ్ళకీ ఇచ్చేవాళ్ళకీ, వేరేవాళ్ళ చేతిలో లెక్క ఉంటే ఎవరికీ ఏమీ అనిపించదు.

రూట్ విషయంలో రెండు మూడు వారాలు పట్టింది. బొంగులూరు దగ్గర ఔటర్ రింగ్ రోడ్ ఎక్కితే హాయిగా ఉంటుంది, సిగ్నల్ లేదు ఏమీ లేదు, కానీ ఔటర్ మీద సగం సిటీ చుట్టి రావాలి, వంద కిలోమీటర్ల దాకా అవుతుంది రానుపోను, పైగా ఆ దారిలో కర్మన్‌ఘాట్, చాంద్రాయణగుట్ట రావు. అందుకని లోపలి రింగ్ రోడ్డే ఖాయం చేసాం, సాగర్ రింగ్ రోడ్, కర్మన్‌ఘాట్, ఒవైసీ జంక్షన్ ఫ్లైఓవర్, చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్, ఆరాంఘర్, అక్కడి నుంచి రాజేంద్రనగర్ లో ఔటర్ ఎక్కి నానక్‌రామ్‌గూడ లో దిగడం. ఒవైసీ ఫ్లైఓవర్ 2021 చివర్లో వచ్చింది, చాంద్రాయణగుట్టది 2022 లో పొడిగించారు, అవి లేకపోతే ఈ రూట్ అనుకునే పనే లేదు, అంతకుముందు ఆ జంక్షన్ల దగ్గర ఎంత టైమ్ పోయేదో ఇటు తిరిగినవాళ్ళకి తెలుసు. పొద్దున 7:15 కి నేను ఇంట్లో బయల్దేరితే 8:45 కల్లా ఆఫీస్ లో ఉంటాం, పది నిమిషాలు లేట్ అయితే మాత్రం ఆరాంఘర్ దగ్గర శంషాబాద్ హైవే బండ్లన్నీ కలిసి అరగంట తినేస్తాయి. రాజేంద్రనగర్ లో అగ్రికల్చర్ యూనివర్సిటీ పక్క నుంచి వెళ్ళే ఆ కాస్త రోడ్డు మాత్రం చెట్ల నీడలో చల్లగా ఉంటుంది, అక్కడికి రాగానే భాయ్ రోజూ కిటికీ దించుతారు, ఏసీ ఆపేస్తాం, ఎవరూ చెప్పుకోలేదు అలా అలవాటైపోయింది.

ఆ పది నిమిషాల దగ్గరే మొదటి ఇబ్బంది వచ్చింది. కర్మన్‌ఘాట్ అన్నకి మంగళవారం ఆంజనేయస్వామి గుడికి వెళ్ళి దండం పెట్టుకోకుండా ఏ పనీ మొదలుపెట్టే అలవాటు లేదు, మాకేమో మంగళవారమే ఆఫీస్ మొదటి రోజు, ఆ గుడికి మంగళ శనివారాలు జనం ఎలా ఉంటారో చెప్పక్కర్లేదు. నేను గుడి దగ్గర ఆగి చూస్తుంటే చుట్టూ పూల బండ్లు, వెనక నుంచి హారన్లు, అన్న ఫోన్ ఎత్తరు, లోపల లైన్ లో ఉంటారు మరి. రెండు మంగళవారాలు చూసి మూడో వారం గ్రూప్ లో రాసా, అన్నా మీ దర్శనానికి నేను అడ్డం కాదు కానీ 7:30 కి 5 నిమిషాలు ఆగుతాం, తర్వాత బండి వెళ్ళిపోతుంది, ఈ రూల్ అందరికీ, నాకు కూడా అని. తర్వాతి మంగళవారం నిజంగానే వెళ్ళిపోయాం. అమ్మాయి వెనక సీట్లో కంగారు పడిపోయింది, అక్కా ఫీలవుతారేమో అని. ఆయన క్యాబ్ పట్టుకుని ఆరాంఘర్ ముందే మమ్మల్ని అందుకున్నారు, ఎక్కి కూర్చుని ప్రసాదం తలా ఇంత చేతిలో పెట్టి మంచి పని చేసావమ్మా అన్నారు, అంతే. ఆ తర్వాత నుంచి పొద్దున్నే గుడి తెరిచే టైమ్ కి వెళ్ళి వచ్చి మెయిన్ రోడ్డు మీద మాకంటే ముందే నిలబడి ఉంటున్నారు. చెప్పకపోయి ఉంటే నేను ప్రతి మంగళవారం ఆయన మీద లోపల విసుక్కుంటూనే ఉండేదాన్ని.

అసలు కష్టం పొద్దున కాదు, సాయంత్రం. పొద్దున అందరూ ఇంట్లోంచే వస్తారు కాబట్టి టైమ్ మన చేతిలో ఉంటుంది, సాయంత్రం ఎవరి మేనేజర్ ఎప్పుడు కాల్ పెడతాడో ఎవరికి తెలుసు. నేను చూసినంతలో మా ఆఫీస్ లో మొదలై ఆగిపోయిన కార్‌పూల్స్ అన్నీ సాయంత్రం దగ్గరే ఆగిపోయాయి. ఒకళ్ళ కోసం ముగ్గురు పార్కింగ్ లో గంట నిలబడితే రెండోసారికి ఎవరూ రారు. మేము పెట్టుకున్నది ఏంటంటే, సాయంత్రం 4 కల్లా గ్రూప్ లో ఉన్నాను లేదా లేను అని రాయాలి, 5:40 కి బండి బేస్‌మెంట్ లోంచి బయటికి. లేను అన్నవాళ్ళు రాయదుర్గం నుంచి మెట్రో పట్టుకుంటారు, ఎల్బీ నగర్ దాకా అదే దిక్కు. ఇందులో నేను ఒకటి మాత్రం గట్టిగా పట్టుబట్టా, టెస్టింగ్ అమ్మాయికి సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉండి లేట్ అయిన రోజు తను రాత్రి ఎలా వస్తుందో తెలిసేదాకా ఎవరం ఊరుకోకూడదు, క్యాబ్ నంబర్ గ్రూప్ లో పెట్టాలి, ఇంటికి చేరాక మెసేజ్ పెట్టాలి. వాళ్ళమ్మ నాకు ఫోన్ చేసి నువ్వున్నావనే ధైర్యంతోనే పంపిస్తున్నానమ్మా అన్నాక అది నా బాధ్యత అనిపించింది.

వానలప్పుడు ఈ టైమ్ లెక్కలేవీ పనిచెయ్యవు. 2023 జూలై లో అయితే సైబరాబాద్ పోలీసులే ఐటీ కంపెనీల్ని 3 నుంచి 6 గంటల మధ్య విడతలుగా వదలమన్నారు, అందరూ ఒక్కసారి రోడ్డెక్కితే కదలదు కాబట్టి. హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తినప్పుడు ఔటర్ సర్వీస్ రోడ్డు మీదకి నీళ్ళొచ్చి మూసేస్తారు, ఆ రోజుల్లో మొదటి నుంచి చివరిదాకా మెయిన్ రోడ్డు మీదే రావాలి. ఒంటరిగా ఉంటే అలాంటి రోజు ఏడుపొస్తుంది, నలుగురుంటే ఒకళ్ళు మ్యాప్ చూస్తారు, ఒకళ్ళు ముందు వెళ్ళినవాళ్ళకి ఫోన్ చేస్తారు, ఇంట్లోవాళ్ళకి చెప్పేవాళ్ళొకళ్ళు, నేను రోడ్డు చూసుకుంటే చాలు.

కారులో మాటల సంగతి కూడా చెప్పాలి. స్పీకర్ లో ఫోన్లు వద్దు, కాల్ తప్పకపోతే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చిన్నగా మాట్లాడుకోవాలి, క్లయింట్ కాల్ అయితే కారులో తీసుకోకూడదు, వేరే టీమ్ వాళ్ళు పక్కన ఉంటారు కదా. అప్రైజల్ సీజన్ లో రేటింగుల మాట ఎత్తకూడదు. ఇది భాయ్ పెట్టిన రూల్, ఆయన పేరోల్ లో ఉన్నారు, ఎవరికెంత అని నవ్వుతూ అడిగినా ఆయనకి ఇరుకే. నిద్రొస్తే నిద్రపోవచ్చు కానీ ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు పోకూడదు. వెనక కూర్చున్నవాళ్ళు కూడా బెల్ట్ పెట్టుకోవాలి, దీని మీద మొదట్లో రోజూ చెప్పాల్సి వచ్చేది, పెట్టుకోకపోతే ఫైన్ ఉంది అని కాదు నేను చెప్పేది, ఔటర్ మీద వెనక కూర్చున్న మనిషి ముందు సీటు మీద వచ్చి పడితే ఇద్దరికీ ప్రమాదం.

రంజాన్ నెలలో భాయ్ రోజా ఉంటారు. సాయంత్రం చాంద్రాయణగుట్ట చేరేసరికి ఇఫ్తార్ టైమ్ దాటిపోతుందేమో అని నేను తనని ఆ నెల మెట్రో గిట్రా అనకుండా మేమే అరగంట ముందు బయల్దేరదాం అన్నా, అందరూ ఒప్పుకున్నారు, పొద్దున కూడా అంత ముందు వచ్చేవాళ్ళం. ఒకరోజు మాత్రం ఔటర్ దిగాక రాజేంద్రనగర్ లోనే టైమ్ అయిపోయింది. బండి పక్కకి ఆపా. ఆయన బ్యాగ్ లోంచి ఒక చిన్న స్టీల్ డబ్బా తీసి ఖర్జూరాలు ముందు మా ముగ్గురికీ ఇచ్చి తర్వాత తను నోట్లో పెట్టుకున్నారు, కర్మన్‌ఘాట్ అన్న తన నీళ్ళ బాటిల్ మూత తీసి అందించారు. రెండు నిమిషాలు ఆగి బయల్దేరాం. పండక్కి వాళ్ళింటి నుంచి మా ముగ్గురిళ్ళకీ షీర్ ఖుర్మా వచ్చింది, అత్తయ్య ఆ డబ్బా ఖాళీగా పంపకూడదని అరిసెలు వేసి పంపింది.

కొన్ని నెలలయ్యాక నేను ఒక్కదాన్నే నడపడం కష్టమై రెండు కార్లు మార్చుకుంటున్నాం, ఒక వారం నాది, ఒక వారం అన్నది. ఆయన కారు ఎక్కిన మొదటి వారం ఔటర్ మీద 120 లో పోయేవారు, అక్కడ 120 దాకా లిమిట్ ఉంది కాబట్టి తప్పు కాదు, కానీ అమ్మాయి పైన హ్యాండిల్ పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చునేది. తను చెప్పదు, భాయ్ చెప్పరు, నేనే చెప్పా, అన్నా 100 దాటొద్దు, మిగిలేది ఒకటి రెండు నిమిషాలే అని. ఏమీ అనుకోలేదు. రెండు కార్లయ్యాక డబ్బుల లెక్క ఇంకా తగ్గింది, మేమిద్దరం ఒకళ్ళకొకళ్ళం ఇచ్చుకునేదేమీ లేదు, మిగతా ఇద్దరూ ఆ వారం ఎవరి కారైతే వాళ్ళకి వేస్తారు.

నాకు నెలకి పెట్రోల్ కి పెట్టేదాంట్లో సగం పైనే మిగులుతోంది, మోకాలు నొప్పి తగ్గింది, అన్నిటికన్నా సాయంత్రం ఇంటికొచ్చేసరికి పాప మీద విసుక్కోకుండా కూర్చుని హోంవర్క్ చేయించే ఓపిక ఉంటోంది, మా ఆయన కూడా అదే మాట అన్నాడు.

ఇప్పుడు టెస్టింగ్ అమ్మాయికి పెళ్ళి కుదిరింది, మియాపూర్ వెళ్ళిపోతోంది. తన సీట్లోకి మీర్‌పేట నుంచి ఒక మేడమ్ వస్తానన్నారు, క్లౌడ్ టీమ్ లో చేస్తారు. ఆవిడని కూడా ముందు క్యాంటీన్ లో కూర్చోబెట్టి టీ తాగుతూ అన్నీ చెప్పాం, 5 నిమిషాల సంగతి, సాయంత్రం 4 గంటల మెసేజ్, సీటుకి 150. గురువారం సాయంత్రాలు తనకి లేట్ అవుతుంది అని ఆవిడే ముందుగా చెప్పారు, అలా చెప్పడం నాకు చాలా నచ్చింది, గురువారం పొద్దున మాత్రం మాతో, సాయంత్రం మెట్రో అనుకున్నాం, డబ్బులు సగమే. లెక్కల షీట్ ఇప్పటికే ఆవిడకి షేర్ చేసేసాం, వచ్చే మంగళవారం 7:20 కి సాగర్ రింగ్ రోడ్ దగ్గర ఎక్కుతారు, ఆ వారం అన్న కారు.